నానమ్మ బిళ్ల మందు కాదు

మార్చి 4

నువ్వన్నది తప్పు. నేను నీ మాత్రలకు కాపలా కాయడం లేదు. నువ్వు మాత్ర మింగే వేళకు నేను వంటింట్లో ఉంటున్నాను, నా కళ్లు తెరుచుకుని ఉంటున్నాయి, అంతే. దానికి "మా ఇంటి జైలరు" అని మీ అమ్మతో అనడం, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు వినబడలేదనీ కనబడలేదనీ అనుకోవద్దు. నాకు పోయినవి మోకాళ్లు. మిగతావన్నీ పనిచేస్తున్నాయి.

ఎదురుగానే చెప్పొచ్చు. చెబితే నవ్వుతావు. నువ్వు నవ్వితే నా కోపం నిలవదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఈ డైరీ నువ్వు చదవవు. చదివితే నీ చెవి నా చేతిలో.

పోయిన నెల సంగతి మళ్లీ రాస్తాను. ఇప్పటికే రెండుసార్లు రాశాను. మూడోసారి రాస్తే ఎవరి సొమ్ము పోయింది? మా గద్ద, అంటే నువ్వే, పన్నెండో అంతస్తు కంటే ఎత్తున, క్రేన్ మీది గాజు గదిలో ఒక్కతే కూర్చుని ఇనుప చువ్వల కట్టను ఎత్తుతోంది. కళ్ల ముందు నల్లచుక్కలు వచ్చాయి. ఇంకొకరైతే కళ్లు నులుముకుని పని కానిచ్చేవాళ్లు. ఇది కట్టను మెల్లగా నేలకు దించింది. కొక్కెం ఖాళీ అయిందని కింద నుంచి కేక వచ్చేదాకా ఆగింది. అప్పుడు నిచ్చెన పట్టుకుని, ఆగి ఆగి దిగి, సూపర్‌వైజరు ముందు నిలబడి, "సార్, నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఇవాళ నేను పైకి పోకూడదు" అంది. ఎవరూ అడగలేదు. తనే చెప్పింది.

ఎవరి మనవరాలు మరి!

రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.4 అని తేలింది. పన్నెండు దాటితే గాని పైకి ఎక్కనివ్వరట. అంతదాకా గేటు దగ్గర ఎర్రజెండా పట్టుకుని లారీలకు దారి చూపించాలి. లారీ నడిపే మా అబ్బాయి ఊళ్లో ఉన్న రోజున అటు వెళ్లి, కూతురు జెండా ఊపడం చూసి వచ్చి భోజనం సగంలో లేచాడు.

మా వంటింటి కిటికీలోంచి ఆ క్రేన్ కనిపిస్తుంది. రిటైరైన రోజు బడిలో ఇచ్చిన బైనాక్యులర్స్‌కు ఇన్నాళ్లకు ఒక ఉద్యోగం దొరికింది అనుకున్నాను. దిగే ముందు ఇది క్యాబిన్ అద్దం మీద వైపర్‌ను ఒకసారి అటూ ఇటూ ఊపేది, వాన చుక్క లేకపోయినా. "దిగుతున్నాను నానమ్మా, వడ్డించు" అని. ఇప్పుడు ఆ సీట్లో కూర్చున్నవాడికి వాన పడితేనే వైపర్ గుర్తొస్తుంది.

మార్చి 5

ఫ్రిజ్‌లో ఐస్ లేదు. మళ్లీ. రాత్రి రెండు ట్రేలు నింపి పెట్టాను. హాల్లోంచి గద్ద ఐస్ నమిలే కరకర చప్పుడు, రాళ్లమిల్లు పక్కన కాపురం ఉన్నట్టు.

మార్చి 11

ఐరన్ మాత్ర వేసుకున్న గంటకల్లా కడుపులో మంట అంటోంది. ముఖం చూడలేకపోయాను. నా డబ్బాలోంచి ఒక బిళ్ల ఇచ్చాను. పొద్దున్నే పళ్లు తోముకోగానే నాతో పాటు వేసుకోమన్నాను. మధ్యాహ్నానికి మంట తగ్గింది.

"నానమ్మా, నువ్వు డాక్టరువి కావాల్సింది" అంది.

కావాల్సింది. కెమిస్ట్రీ టీచర్‌నయ్యాను. ప్రపంచానికి ఏది లాభమో ఇంకా తేలలేదు.

మార్చి 20

8.3.

మాత్రలు మొదలుపెట్టి నెల దాటింది, పెరగకపోగా తగ్గింది. కంపెనీ డాక్టరు కళ్లజోడు పైనుంచి చూసి, "మాత్రలు వేసుకోవట్లేదు కదూ? ఈ వయసు ఆడపిల్లలంతా ఇంతే. చెత్తబుట్టలో పడేస్తారు" అన్నాడట.

గద్ద ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, ఐస్ ట్రే పట్టుకుని గదిలోకి పోయింది. ఏడవలేదు. కరకర మాత్రం చాలాసేపు వినిపించింది.

కళ్లు తిరుగుతున్నాయని పైనుంచి దిగి వచ్చి చెప్పిన పిల్ల, మాత్ర గురించి అబద్ధం చెబుతుందా! ఆ డాక్టరు నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

మార్చి 22

కోడలు అంది: "అత్తయ్యా, వేసుకున్న మాత్ర ఎక్కడికి పోతోందంటారు? నెలసరి కూడా మామూలుగానే ఉందంటోంది. మలపరీక్షలో రక్తం లేదన్నారు. లోపలికి పోయింది పోయినట్టే ఉంది, లెక్కకు మాత్రం రావట్లేదు."

మా కోడలు బట్టల దుకాణంలో టైలరు. గుడ్డ ముక్క ఎక్కడ పోయిందో తేలేదాకా కత్తెర కింద పెట్టదు. చదువు పదో తరగతితో ఆపేశారు ఈవిడ పుట్టింటివాళ్లు. ఈ ప్రశ్న వేయాల్సింది నేను. నేనూ వేసేదాన్నే, ఆవిడ కాస్త ముందుగా వేసింది.

ఏప్రిల్ 2

ఈసారి కడుపు డాక్టరు దగ్గరికి వెళ్లారు తల్లీ కూతుళ్లు. ఆవిడ గద్ద చెప్పిందంతా విన్నదట. "నమ్ముతున్నాను" అన్నదట. ఆ ఒక్క మాటకే ఆవిడ నాకు నచ్చింది.

ఆవిడ చెప్పిందేమిటంటే, కడుపు లోపలి పొరలో కాపురం పెట్టే బ్యాక్టీరియా ఒకటుంది. చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి నోటి ద్వారా వస్తుందట. చాలామందిలో ఏ గొడవా చేయకుండా పడి ఉంటుంది. కొందరిలో మాత్రం కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనతలో దాన్ని కూడా వెతకాలట. ఏదో ద్రావణం తాగించి, సంచిలోకి ఊదిస్తారు. ఆ ఊపిరిలోనే జాడ తెలిసిపోతుంది.

పరీక్ష ఎల్లుండి. ఖాళీ కడుపుతో వెళ్లాలి.

ఏప్రిల్ 5

లేదు! ఏ క్రిమీ లేదు!

మా ఇంట్లో గిన్నెలు ఎలా కడుగుతామో ఆ ల్యాబువాళ్లకేం తెలుసు. నేను ముందే అనుకున్నాను. పక్కింటావిడ అడక్కపోయినా చెప్పి వచ్చాను.

కాసేపయ్యాక ఆలోచన వచ్చింది. క్రిమి లేకపోతే మరి ఇనుము ఎక్కడికి పోతోంది?

ఏప్రిల్ 17

8.4. మొదలుపెట్టిన చోటే ఉన్నాం.

సూపర్‌వైజరు పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పాడట, "చూడమ్మా, నువ్వు మంచి ఆపరేటర్‌వి. కానీ జూలై పదిహేను దాకానే ఆగగలను. ఆలోగా ఫిట్ సర్టిఫికెట్ తేకపోతే ఆ సీటు ఇప్పుడు నడుపుతున్న కుర్రాడికే రాసిచ్చేస్తా" అని. మంచిగానే చెప్పాడట. మంచిగా చెప్పాడన్నది దీనికి ఇంకా కష్టంగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర నా పళ్లెంలోంచి ముద్ద ఎత్తుకుపోలేదు. పాకడం వచ్చినప్పటి నుంచి అదే అలవాటు దీనికి. తన పళ్లెం నిండా ఉన్నా సరే, నా చెంచా లాక్కుని నా పళ్లెంలోదే తినాలి. గద్ద అని పేరు పెట్టింది అందుకే. పాతికేళ్లొచ్చినా మానలేదు. మీ అమ్మ కేకలేస్తే "రుచి చూస్తున్నా" అంటావు. ఇవాళ తల వంచుకుని నీ పళ్లెంలోదే తిని లేచావు.

రేపు కడుపు డాక్టరు దగ్గరికి నేను వెళ్తాను.

ఏప్రిల్ 18

వెళ్లాను. చీర ఇస్త్రీ చేసినది కట్టుకున్నాను. డాక్టరంటే భయపడి కాదు, డాక్టరే భయపడాలని.

గదిలో మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ప్రతి మాత్రా నా కళ్ల ముందే మింగుతుంది డాక్టరుగారూ. నాది సాక్ష్యం."

"సంతోషం మేడమ్. ఇంకేమైనా మందులు వాడుతోందా?"

"ఏమీ లేవు" అన్నాం, నేనూ గద్దా ఒక్కసారే.

"ఐరన్‌తో కడుపు మంట రావట్లేదా?"

"వచ్చింది. అది నేను చూసుకున్నాను."

"ఎలా చూసుకున్నారు?"

సంచిలోంచి నా డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. బడిలో బహుమతి ఇచ్చేటప్పుడు కప్పు ఎలా పెడతామో అలా పెట్టాను. డాక్టరు మూత తీసి, బిళ్ల అట్టను వెనక్కి తిప్పి చదివింది. ఆవిడ పెన్ను ఆగింది.

"ఇది రోజూ వేసుకుంటోందా?"

"రోజూ పొద్దున్నే. నాతో పాటు."

"ఊపిరి పరీక్ష చేసిన రోజు కూడా?"

"ఆ రోజు మరీ గుర్తుపెట్టుకుని వేయించాను. పాపం, ఖాళీ కడుపుతో వెళ్తోంది కదా!"

డాక్టరు గద్ద వైపు తిరిగింది. "పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ మాత్రలేవీ వేసుకోకూడదని నర్సు చెప్పలేదూ? ఇవి వేసుకుంటే ఆ క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది."

"చెప్పారు మేడమ్. నేనేం మాత్రలు వేసుకోవట్లేదు కదా అనుకున్నా."

"మరి ఇదేమిటి?"

గద్ద ఆ డబ్బా వైపు, నా వైపు చూసింది. "అది మందు కాదు మేడమ్. అది... నానమ్మ బిళ్ల."

డాక్టరు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. గద్ద కూడా నవ్వింది, అది ఇంకా నచ్చలేదు. కోడలు మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. ఇంట్లో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, నానమ్మ డబ్బా. ఎవరైనా ఉప్పును మందు అంటారా?

వచ్చేముందు డాక్టరు మెల్లగా అడిగింది: "మేడమ్, ఈ బిళ్ల మీరెన్నాళ్లుగా వేసుకుంటున్నారు? మీరు కూడా ఆపి ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది."

"నేను క్రేన్ ఎక్కబోవడం లేదు" అని చెప్పి లేచాను.

ఏప్రిల్ 19

ఇవాళ రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 21

ఒక ప్రయోగం. ఎనిమిదో తరగతిది.

టెస్ట్‌ట్యూబులో ఇనుప మేకు వేయండి. సజల ఆమ్లం పోయండి. బుడగలు వస్తాయి, మేకు కరుగుతుంది, ద్రావణం లేత ఆకుపచ్చగా మారుతుంది. పిల్లలు "హే" అని అరుస్తారు. ఏటా అరిచేవాళ్లు. ఇనుము కరగాలంటే ఆమ్లం కావాలి అని నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు కొట్టేదాన్ని.

నా బిళ్ల చేసే పని కడుపులో ఆమ్లాన్ని తగ్గించడం.

అంటే నెలకు పైగా ఆమ్లం లేని టెస్ట్‌ట్యూబులో మేకు వేసి, బుడగలు రావేమిటని ఎదురుగా కూర్చున్నాను. పైగా సాక్ష్యం కూడా చెప్పాను.

దీన్ని తప్పు అనను. బిళ్ల ఇచ్చిన తొమ్మిది రోజులకే చేసిన పరీక్షలో, అంతకుముందు వేసుకున్న మాత్రల ఫలం కూడా కనిపించలేదు కదా. కాబట్టి నా బిళ్ల ఒక్కటే దొంగ కాదు. లోపల ఇంకో దొంగ ఉంది. ప్రయోగం అసంపూర్తిగా ఉంది, అంతే.

డబ్బాను వంటింటి అలమరలోంచి తీసి నా మంచం పక్కకు మార్చాను.

మే 4

మళ్లీ ఊదించారు. రెండు వారాలు బిళ్ల లేకుండా, మంట వచ్చినప్పుడల్లా చల్లటి నీళ్లు తాగి పళ్లు బిగించింది గద్ద. నేను ఒక్కసారి కూడా బిళ్ల ఇవ్వలేదు. రెండుసార్లు చేయి డబ్బా దాకా వెళ్లింది.

ఉంది. క్రిమి ఉంది. మామూలుగా కాదు, కొలత గీత దాటి ఎక్కడికో పోయిందట.

జీవితంలో ఒక జబ్బు ఉందని తెలిసి ఇంత గర్వపడటం ఇదే మొదటిసారి. ఆ కంపెనీ డాక్టరుకు ఈ రిపోర్టు పటం కట్టించి పంపాలనుంది. మాత్రలు చెత్తబుట్టలో పడలేదు నాయనా!

"దీనివల్లేనా మేడమ్?" అని కోడలు అడిగితే డాక్టరు నిజం చెప్పింది. "ఎంత దీనివల్ల, ఎంత ఆ బిళ్లవల్ల అని విడదీసి చెప్పలేనమ్మా. రెండూ తీసేసి చూద్దాం." ఒకేసారి రెండు మార్పులు చేయడం ప్రయోగశాలలో నేను ఒప్పుకునేదాన్ని కాదు. మా పిల్ల విషయంలో ఒప్పుకున్నాను.

కోడలూ పరీక్ష చేయించుకుంది. లేదు. ఆవిడ ఎప్పుడూ ఎవరి పళ్లెంలోనూ చెయ్యి పెట్టదు.

మే 6

మందుల సంచి వచ్చింది. నాలుగు రకాలు, రెండు వారాలు. ఐరన్ ఆ తర్వాతట.

ఒక్కొక్కటే తీసి చదివాను. మూడోది చూసి గద్దను కేకేశాను. పేరు వేరు గాని మందు నా బిళ్లే!

"చూశావా? మందు కాదన్నావు!"

"ఇప్పుడు మందే నానమ్మా. అప్పుడు మాత్రం నీ బిళ్ల."

నోటి దురుసు. ఎవరి పోలికో.

మే 13

నోరంతా చేదు, రాగి నాణెం చప్పరించినట్టుందట. నాలుక నల్లబడింది. వాంతి వచ్చినట్టుంటోందట. జెండా పని మాత్రం మానలేదు. ఇవాళ ఎండలో నిలబడి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడప దగ్గర కూర్చుంది. "మానేస్తే ఏమవుతుంది?" అంది.

"సగం చచ్చిన క్రిమి నీకంటే మొండిది అవుతుంది" అన్నాను.

"నీకంటేనా?"

అని లేచి పూటకు వేసుకోవాల్సినవన్నీ వేసుకుంది.

మే 16

ఈమధ్య నాకు ఆకలి ఆలస్యంగా వేస్తోంది. అందరూ తిన్నాక, కిటికీ దగ్గర కూర్చుని తింటున్నాను. క్రేన్ చూస్తూ తింటే అరుగుతుంది.

మే 20

మందులు అయిపోయాయి. ఐరన్ మళ్లీ మొదలు. ఈసారి నిమ్మరసంతో. ఆ సలహా నాది. డాక్టరు కూడా పనికొస్తుందనే అంది.

జూన్ 3

"అత్తయ్యా, మాతో కూర్చోండి. అదేమిటి ఒంటరిగా?" అంది కోడలు.

ఆకలి లేదన్నాను. ఆవిడ నా చెంచా వైపు చూసింది.  కొలతలు తీసేవాళ్ల చూపు అలాగే ఉంటుంది.

జూన్ 9

ఐస్ ట్రేలు రెండూ నిండుగా ఉన్నాయి. మొన్న నింపినవే. పైన మంచు పొడి పేరుకుంది.

రక్తహీనత ఉన్నవాళ్లు ఐస్ నములుతారని కడుపు డాక్టరు అంటే నమ్మలేదు నేను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. రాళ్లమిల్లు మూతబడింది.

జూన్ 19

ఊపిరి పరీక్ష మూడోసారి. నానమ్మ బిళ్ల లేదు, డాక్టరు బిళ్ల లేదు. క్రిమీ లేదు. ఈసారి లేదంటే లేదు. పక్కింటావిడకు చెప్పలేదు, అంత నమ్మకం.

హిమోగ్లోబిన్ 10.4.

డాక్టరు మళ్లీ అడిగిందట నా గురించి. ఇంట్లో ఒకరికి ఉంటే మళ్లీ అంటుకునే వీలుందని. మా పిల్ల ఇంటికొచ్చి ఆ మాట చెప్పకుండా దాచింది. కోడలు చెప్పింది. నా కడుపు నా సొంత వ్యవహారం అన్నాను.

జూన్ 20

పళ్లెం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంటే గద్ద వెనకే వచ్చి చెంచాకు చెయ్యి చాచింది. చాలా రోజుల తర్వాత.

"ఇవాళ బాగా లేదు, ఉప్పెక్కువైంది" అని పళ్లెం అటు తిప్పాను.

చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత జేబులోకి పోయింది.

జూలై 10

12.1!

కంపెనీ డాక్టరు రెండుసార్లు తీయించాడట రక్తం, మొదటి నెంబరు నమ్మక. రెండోది 12.2. ఆయన చేత్తోనే ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు. మొన్నటి చెత్తబుట్ట మాటకు క్షమాపణ చెప్పాడా అని అడిగితే, "వదిలెయ్ నానమ్మా, సంతకం పెట్టాడు కదా" అంది. నేను వదల్లేదు. ఇక్కడ రాసిపెట్టాను.

జూలై 14

ఇవాళ ఎక్కింది.

పొద్దున్నే మూడు పనులు చేశాను. గ్యాస్ ఆపేశాను, బైనాక్యులర్స్ అద్దం తుడిచాను, కోడలిని పక్కకు జరగమన్నాను. ఆవిడ జరగలేదు. దుకాణానికి సెలవు పెట్టేసింది కూడా. వంతులు వేసుకున్నాం.

నిచ్చెన మీద పసుపు హెల్మెట్. ముందులా ఆగి ఆగి కాదు. ఒకే ఊపు. "అత్తయ్యా, ఆయాసం లేదు, చూడండి, ఆగట్లేదు" అని కోడలు ఏడుస్తోంది. అంత దూరానికి ఆయాసం కనిపించదే అన్నాను. నా కళ్లజోడు కూడా మసకబారింది. ఉక్కపోత.

రోజంతా ఆ పొడుగాటి చెయ్యి అటూ ఇటూ తిరిగింది. ఏ బరువు కింద పెట్టినా కుదుపు లేదు. అంతెత్తు మీంచి అంత నెమ్మది! దుమ్ము కూడా లేవలేదు.

సాయంత్రం ఆకాశంలో మబ్బు తునక లేదు. గాజు గది అద్దం మీద వైపర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు.

వడ్డించాను. నా పళ్లెం కిటికీ దగ్గర పెట్టుకున్నాను.

తను వచ్చి చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. నా కోసం ఖాళీ కుర్చీ వెనక్కి లాగి పెట్టింది.  నేను వెళ్లలేదు. అది ఆ కుర్చీ వైపు చూస్తూనే తింది.

జూలై 15

రాత్రంతా ఆ కుర్చీయే.

పైన కళ్లు తిరిగితే ముందు బరువు దించాలి, తర్వాత మనిషి దిగాలి, దిగాక ఎవరూ అడక్కపోయినా చెప్పాలి. పాతికేళ్ల పిల్లకు తెలిసింది ఇది.

మంచం పక్కన డబ్బా మూత బిగించి బీరువాలో పెట్టాను. ఇవాళ్టి నుంచి బిళ్ల లేదు.

జూలై 19

మంట. దీని పేరే మంట అయితే ఈ పిల్ల ఇన్నాళ్లు నవ్వుతూ ఎలా నిలబడింది?

జూలై 30

నేనే వెళ్లాను, ఆటో పిలుచుకుని. ఎవరికీ చెప్పలేదు. ద్రావణం నిమ్మ రుచి. నర్సు "గట్టిగా ఊదండి మామ్మా" అంటే, ఇన్నేళ్లు నలభై మంది పిల్లలను నోరుమూయించిన ఊపిరి ఇది, మీ సంచి జాగ్రత్త అన్నాను.

ఫలితం రేపు సాయంత్రం ఇస్తారట. ఎటు వచ్చినా సరే అనుకుంటున్నాను. ఎటు వచ్చినా సరే.

ఈ కింది ముక్క చింపి ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తాను.

గద్దకు.

రేపు దిగాక నేరుగా ఇంటికి రాకు. కడుపు డాక్టరు ల్యాబులో నా ఊపిరి రిపోర్టు తీసుకో. అవును, నాదే. కళ్లు అంత పెద్దవి చేయక్కర్లేదు. రశీదు దీని వెనక గుచ్చాను. కవరు అక్కడే తెరువు, నాకంటే ముందు నువ్వే చూడు. ఉంది అని వస్తే డాక్టరుతో మందులు రాయించుకుని తీసుకునే రా. వచ్చే దారిలో పాత్రల కొట్టు ఉంది కదా, అక్కడ ఒక స్టీలు చెంచా కొను. పొడుగు పిడిది, నా చెంచాతో పోలిక లేనిది. నా మందులు అయ్యి, మళ్లీ ఊది, లేదనేదాకా నువ్వు దానితోనే తినాలి, నీ పళ్లెంలోదే.

లేదు అని వస్తే చెంచా కొనకు. ఖాళీ చేతులతో రా.